షాపు వాళ్ల సొంత బ్రాండ్ స్టీరియో జనం ఎందుకు కొంటారు: రేడియో షాక్ నుంచి క్రోమా దాకా

షాపు వాళ్ల సొంత బ్రాండ్ స్టీరియో ఎందుకు కొంటారు అని అడిగితే చవక కాబట్టి అని ఠక్కున చెప్పేస్తారు అందరూ, అది సగం జవాబే. చవకే కావాలంటే అంతకంటే చవకవి బోలెడు దొరుకుతాయి, పేరు ఎప్పుడూ వినని కంపెనీల 5.1 సెట్లు, ఫుట్‌పాత్ మీద పెట్టి అమ్మే బ్లూటూత్ బాక్సులు, ఆన్‌లైన్‌లో వారానికో కొత్త పేరుతో వచ్చే సౌండ్‌బార్లు. అవన్నీ వదిలేసి క్రోమా సౌండ్‌బారో రిలయన్స్ డిజిటల్ వాళ్ల రీకనెక్ట్ స్పీకరో పట్టుకెళ్లే మనిషి రేటుతో పాటు ఇంకేదో చూస్తున్నాడు. ఆ ఇంకేదో ఏంటో అర్థం కావాలంటే ఈ పద్ధతిని అమెరికా అంతా వేల షాపుల్లో నడిపిన రేడియో షాక్ కథ కొంచెం తెలియాలి.

రేడియో షాక్ 1921లో అమెరికాలో బోస్టన్‌లో మొదలైంది, ఓడల్లో వాడే రేడియో సామాన్లు, సరదాకి సొంతంగా రేడియో సిగ్నళ్లు పంపుకునే హామ్ రేడియో వాళ్లకి కావాల్సిన పార్టులు అమ్మే షాపు. 1954లో సొంత లేబుల్ పెట్టి దానికి రియలిస్ట్ అని పేరు పెట్టారు, అప్పటికే స్టీరియో రియలిస్ట్ అని ఒక కెమెరా ఉండటంతో ఆ పేరు మీద గొడవ వచ్చి రియలిస్టిక్ అని మార్చారు. ఆ రియలిస్టిక్ పేరే తర్వాత దాదాపు నలభై ఏళ్లు అమెరికా ఇళ్లలో రిసీవర్ల (రేడియో, ఆంప్లిఫైయర్ కలిపిన పెట్టెల) మీద, రికార్డులు తిప్పే టర్న్‌టేబుళ్ల మీద, క్యాసెట్ డెక్‌ల మీద, స్పీకర్ల మీద కనిపించింది. అసలు మలుపు మాత్రం 1963లో వచ్చింది. తోలు సామాన్ల వ్యాపారం చేసే టెక్సాస్ మనిషి చార్లెస్ టాండీ అప్పటికి తొమ్మిది షాపులై దివాలా అంచున ఉన్న రేడియో షాక్‌ని కొన్నాడు, కొని కేటలాగ్‌లో ఉన్న వేల వేల ఐటెమ్స్‌లో చాలా వరకు కోసేసి బాగా కదిలేవి మాత్రం ఉంచాడు, బయటి బ్రాండ్లు తగ్గించి సొంత బ్రాండ్ నింపాడు, ఒకటి రెండు పెద్ద షాపుల బదులు ఊరూరా చిన్న షాపులు పెట్టాడు. 70ల చివరికొచ్చేసరికి ఆ షాపులు వేలల్లో ఉన్నాయి.

ఊరూరా అనేది ఇక్కడ అసలు మాట. అప్పట్లో మరాంట్జ్, పయనీర్, సాన్సుయి లాంటి పేరున్న బ్రాండ్లు కావాలంటే పెద్ద సిటీలో హైఫై షాపుకి, అంటే మంచి సౌండ్ సెట్లు అమ్మే షాపుకి వెళ్లాలి, లేదంటే న్యూయార్క్ మెయిల్ ఆర్డర్ వాళ్లకి డబ్బులు పంపి పెట్టె వచ్చేదాకా ఎదురు చూడాలి, వచ్చాక పాడైతే మళ్లీ ఆ బరువంతా ప్యాక్ చేసి పంపాలి. చిన్న టౌన్లో ఉండే మనిషికి మెయిన్ రోడ్డు మీద రేడియో షాక్ ఉంది, అందులో తనకి తెలిసిన మనిషే కౌంటర్ దగ్గర ఉన్నాడు, ఫ్యూజు కావాలన్నా వైరు కావాలన్నా అక్కడికే వెళ్తాడు, నెలకో బ్యాటరీ ఫ్రీగా ఇచ్చే కార్డు కూడా జేబులో ఉంది. ఆ బ్యాటరీ కార్డుని చాలామంది చిన్న ఆఫర్‌లా చూస్తారు గానీ అది చేసిన పని చాలా పెద్దది, ఏమీ కొనే పని లేని మనిషిని కూడా నెలకోసారి షాపులోకి నడిపించింది. అలా పది సార్లు వచ్చిపోయిన మనిషికి రియలిస్టిక్ అనేది తెలియని కంపెనీ పేరుగా అనిపించదు, తెలిసిన షాపు పేరుగానే అనిపిస్తుంది.

స్టీరియో కొనేటప్పుడు మామూలు మనిషికి ఉండే భయాలు కొన్నే. ఇది బాగా వినిపిస్తుందా, పాడైతే ఎవరిని పట్టుకోవాలి, డబ్బులు దండగైతే ఇంట్లో ఏమంటారు. మొదటి దానికి జవాబు కొనేవాళ్ల చేతిలో లేదు, ఎందుకంటే పెట్టె లోపల ఏముందో కనపడదు, షాపులో విన్న సౌండ్ ఇంట్లో హాల్లో పెట్టాక అలా ఉండదు, గది సైజు, గోడలు, కర్టెన్లు, సోఫాలు అన్నీ కలిసి దాన్ని మార్చేస్తాయి. అందుకే జనం రెండో ప్రశ్నకి జవాబు వెతుక్కుని దాన్నే మొదటి ప్రశ్నకి కూడా జవాబుగా వాడుకుంటారు. పాడైతే ఈ షాపుకే తెచ్చి ఇవ్వొచ్చు, వీళ్ల పేరే దాని మీద ఉంది కాబట్టి కంపెనీని అడగండి సార్ అని తప్పించుకోలేరు, తప్పించుకోలేని వాళ్లు మరీ చెత్త సరుకు అమ్మరు, కాబట్టి ఇది పర్వాలేదు. ఈ లెక్క ప్రతిసారీ నిజం కాకపోవచ్చు గానీ తెలివితక్కువ లెక్క మాత్రం కాదు. సొంత బ్రాండ్ కొనే వాళ్లని బ్రాండ్ గురించి తెలియని వాళ్లుగా చూడటం చాలా తప్పు, వాళ్లలో చాలామంది సర్వీస్ సెంటర్ల చుట్టూ తిరిగి తిరిగి ఈ నిర్ణయానికి వచ్చినవాళ్లే.

సరే, లోపల సరుకు సంగతి. షాపు వాళ్లు సాధారణంగా సొంతంగా ఏమీ తయారు చెయ్యరు, ఏ ఫ్యాక్టరీకైనా ఆర్డర్ ఇచ్చి మీద పేరు వేయించుకుంటారు. టాండీకి కొన్ని సొంత ఫ్యాక్టరీలు ఉన్నా రియలిస్టిక్ సామాన్లలో చాలా వరకు జపాన్‌లో, తర్వాత కొరియా, తైవాన్‌లలో వేరే వాళ్లకి కూడా చేసిపెట్టే ఫ్యాక్టరీల నుంచే వచ్చాయి. పెద్ద బ్రాండ్ రేటులో పత్రికల్లో యాడ్స్ ఖర్చు, డిస్ట్రిబ్యూటర్ కమిషన్, డీలర్ మార్జిన్ అన్నీ కలిసి ఉంటాయి, షాపు సొంత బ్రాండ్‌లో మధ్యలో వాళ్లు ఇద్దరు ముగ్గురు తగ్గిపోతారు. ఆ మిగిలిన డబ్బులో కొంత కస్టమర్‌కి రేటు తగ్గింపుగా వెళ్తుంది, ఎక్కువ భాగం షాపు దగ్గరే ఉంటుంది.

కొన్నిసార్లు ఆ మిగిలిన డబ్బు సరుకులోకి కూడా వెళ్తుంది, అప్పుడే మంచి సామాన్లు పుడతాయి. రియలిస్టిక్ మినిమస్-7 అనే చిన్న స్పీకర్ దానికి మంచి ఉదాహరణ. 70ల చివర్లో వచ్చింది, అరచేతిలో పట్టేంత అల్యూమినియం క్యాబినెట్, బాస్ ఇచ్చే 4 అంగుళాల ఊఫర్, సన్నని శబ్దాలిచ్చే 1 అంగుళం డోమ్ ట్వీటర్, ఒక్కోటి సుమారు 50 డాలర్లు, సేల్ పెట్టినప్పుడు అందులో సగానికే వచ్చేది. దాన్ని కొన్నవాళ్లలో డబ్బుల్లేని స్టూడెంట్స్ ఉన్నారు, రికార్డింగ్ స్టూడియోల్లో రికార్డ్ చేసింది విని సరిచూసుకునే రెండో స్పీకర్‌గా పెట్టుకున్న వాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత తరంలో అమెరికాలో ఎలక్ట్రానిక్స్ అమ్మే బెస్ట్ బై వాళ్ల ఇన్‌సిగ్నియా బ్రాండ్‌లో ఊఫర్ మధ్యలోనే ట్వీటర్ పెట్టిన ఎన్ఎస్-బీ2111 అనే బుక్‌షెల్ఫ్ స్పీకర్ వచ్చినప్పుడు కూడా అదే జరిగింది, ఖరీదైన సెట్లు పెట్టుకునే హైఫై పిచ్చోళ్లు కూడా వెతికి వెతికి కొన్నారు. ఈ రెండూ స్పీకర్లే అవ్వడం యాదృచ్ఛికం కాదు, దాని వెనక వ్యాపారం లెక్క ఒకటి ఉంది, ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే ఆసక్తికరమైన భాగం అదే.

70ల మొదట్లో అమెరికాలో చాలా రాష్ట్రాల్లో కంపెనీ చెప్పిన రేటు కంటే తక్కువకి అమ్మకూడదు అని షాపుల్ని కట్టడి చేసే చట్టాలు ఉండేవి, ఫెయిర్ ట్రేడ్ చట్టాలు అనేవాళ్లు. 1975లో కన్స్యూమర్ గూడ్స్ ప్రైసింగ్ యాక్ట్ వచ్చి వాటిని ఎత్తేసింది. అంతే, పేరున్న రిసీవర్ల మీద షాపుల మధ్య రేట్ల యుద్ధం మొదలైంది, పయనీర్ రిసీవర్ ఎక్కడైనా అదే రిసీవర్ కాబట్టి కస్టమర్ నాలుగు షాపులు తిరిగి ఎవరు తక్కువిస్తే వాళ్ల దగ్గర కొంటాడు, షాపుకి మిగిలేది చిల్లర. మరి షాపు బతకడం ఎలా. సిస్టమ్ ప్యాక్ అని ఒకటి కట్టారు, పేరున్న రిసీవర్, పేరున్న టర్న్‌టేబుల్, వాటితో పాటు షాపు సొంత బ్రాండ్ స్పీకర్లు ఒక జత, మొత్తానికి ఒకే రేటు. పేపర్ యాడ్‌లో రిసీవర్ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, కస్టమర్ దాన్ని చూసే లోపలికి వస్తాడు, మార్జిన్ మాత్రం స్పీకర్ల మీద వస్తుంది. పసిఫిక్ స్టీరియో అనే పెద్ద చెయిన్‌కి క్వాడ్రాఫ్లెక్స్, కాన్సెప్ట్ లాంటి సొంత పేర్లు ఉండేవి, మామూలు కస్టమర్‌కి అవి షాపు వాళ్లవే అని కూడా తెలిసేది కాదు.

స్పీకర్లే ఎందుకు అంటే, అన్నిటిలోకి పోల్చి చూడటం కష్టమైన సామాను అదే. ఆంప్లిఫైయర్‌కి వాట్స్ అనే లెక్క ఉంది, పైగా 1974లోనే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రూల్ పెట్టింది, పవర్ ఎంత అని యాడ్‌లో చెప్తే అది ఆగకుండా ఇవ్వగలిగిన పవర్ అయ్యుండాలి, ఎన్ని ఓమ్స్ మీద, ఏ ఫ్రీక్వెన్సీ నుంచి ఏ ఫ్రీక్వెన్సీ దాకా, డిస్టార్షన్ ఎంత అన్నీ చెప్పాలి అని. దాంతో షాపు బ్రాండ్ ఆంప్లిఫైయర్‌ని పేరున్న దాని పక్కన పెడితే కాగితం మీదే తేడా తెలిసిపోయేది, ఇది ఒకరకంగా షాపు బ్రాండ్‌కే మేలు చేసింది కూడా, ఎందుకంటే రియలిస్టిక్ రిసీవర్ మీద కూడా అదే రూల్ ప్రకారం అదే లెక్క రాయాలి, పేరు లేకపోయినా అంకె నమ్మొచ్చు. స్పీకర్‌కి అలాంటి రూల్ లేదు. చెవితోనే నిర్ణయించాలి, ఆ చెవిని షాపు వాళ్లు సులువుగా ఒప్పించగలరు.

హైఫై షాపుల్లో గోడ నిండా స్పీకర్లు పేర్చి బటన్ నొక్కితే ఒకదాని నుంచి ఇంకోదానికి మారే స్విచ్ బోర్డు ఉండేది. ఒకే వాల్యూమ్ దగ్గర ఒక స్పీకర్ ఎక్కువ సౌండ్ ఇస్తుంది, ఇంకోటి తక్కువ ఇస్తుంది, అది దాని సెన్సిటివిటీని బట్టి ఉంటుంది. 3 డెసిబెల్స్ తేడా అంటే ఆంప్లిఫైయర్ రెట్టింపు పవర్ పంపినట్టు లెక్క. మనిషి చెవికి ఒక గుణం ఉంది, కొంచెం గట్టిగా వినిపించిన దాన్ని గట్టిగా ఉంది అనుకోదు, బాగుంది అనుకుంటుంది. కాబట్టి ఎక్కువ సెన్సిటివిటీతో, బాస్ కొంచెం ఉబ్బించి, ట్రెబుల్ కొంచెం మెరిపించి సొంత బ్రాండ్ స్పీకర్ చేయించుకుంటే స్విచ్ నొక్కిన ప్రతిసారీ అదే గెలుస్తుంది. ఇవాళ మన మాల్స్‌లో సౌండ్‌బార్ డెమో జరిగే తీరు చూస్తే కూడా ఇదే కనిపిస్తుంది, అన్నీ ఒకే వాల్యూమ్ లెవెల్‌కి సరిచేసి వినిపించే సేల్స్‌మేన్ దొరకడం అరుదు. సొంత బ్రాండ్ కొన్నవాళ్లలో కొంతమంది నిజంగా విని నచ్చే కొన్నారు, కానీ ఆ నచ్చడం కొంత షాపులో తయారైంది. దీనికి తోడు సేల్స్ వాళ్లకి సొంత బ్రాండ్ అమ్మితే అదనంగా ఇన్సెంటివ్ ఇచ్చే అలవాటు కూడా ఈ వ్యాపారంలో పాతదే, ఇది తీసుకోండి సార్ నేను చెప్తున్నాగా అనే మాట వెనక అది కూడా ఉండొచ్చు.

అప్పు సంగతి కూడా చెప్పుకోవాలి. అమెరికాలో అన్ని రకాల సామాన్లు అమ్మే పెద్ద షాపు చెయిన్ సియర్స్ వాళ్లు 1910ల నుంచే సిల్వర్‌టోన్ పేరుతో ఫోనోగ్రాఫులు, తర్వాత రేడియోలు, స్టీరియోలు అమ్మారు, అలాంటిదే ఇంకో చెయిన్ జేసీపెన్నీ వాళ్లకి ఎంసీఎస్ అని మాడ్యులర్ కాంపొనెంట్ సిస్టమ్స్ ఉండేవి. ఈ షాపులకి బట్టలకి, ఫ్రిజ్‌కి వెళ్లే కుటుంబానికి ఆ షాపు అప్పు ఖాతా ఎలాగూ ఉంది, సియర్స్ అయితే 1993 దాకా బయటి వీసా, మాస్టర్‌కార్డ్ తీసుకునేదే కాదు. హైఫై షాపులో మొత్తం ఒకేసారి కట్టాలి, ఇక్కడ నెలనెలా కట్టుకోవచ్చు. చేతిలో మొత్తం డబ్బు లేనోళ్లకి అప్పు ఇచ్చే షాపులో ఏ బ్రాండ్ ఉందో అదే బ్రాండ్. మన దగ్గర ఇప్పుడు ఈ కారణం అంత బలంగా పనిచెయ్యదు, ఫైనాన్స్ కంపెనీ వాళ్ల టేబుల్ ప్రతి షాపులోనూ ఉంటుంది, ఏ బ్రాండ్‌కైనా ఈఎంఐ పెడతారు.

పేరు పెట్టడంలో రెండు దారులు కనిపిస్తాయి బ్రిటన్‌లో. డిక్సన్స్ అనే చెయిన్ 80ల్లో మట్సుయి, సైషో అని జపాన్ వాళ్ల పేర్లలా ఉండే సొంత బ్రాండ్లు పెట్టింది, అప్పుడు జపాన్ సరుకంటే జనానికి గురి, చాలామంది జపాన్ కంపెనీ అనుకునే కొన్నారు. ఇది మంచి పని కాదు, ఎందుకంటే షాపు బ్రాండ్‌కి ఉన్న ఒకే ఒక్క నిజమైన బలం ఈ షాపే దీనికి బాధ్యత అని చెప్పడం, పేరు మార్చి దాచేస్తే ఆ బలమే పోతుంది. రెండో దారి రిచర్ సౌండ్స్ అనే హైఫై షాపుల చెయిన్‌ది. దాని ఓనర్ జూలియన్ రిచర్ భాగస్వామిగా ఉన్న ఆడియో పార్ట్‌నర్‌షిప్ అనే కంపెనీ 1994లో కేంబ్రిడ్జ్ ఆడియోని కొన్నది, అది 60ల చివర్లో పుట్టిన నిజమైన హైఫై కంపెనీ. ఆ పేరుతో ఇంజినీర్లని పెట్టి డిజైన్ బ్రిటన్‌లో చేయించి, తయారీ చైనాలో చేయించి, తక్కువ రేటుకి మంచి ఆంప్లిఫైయర్లు తమ షాపుల్లో అమ్మారు, మెల్లగా అది ప్రపంచమంతా అమ్మే బ్రాండ్ అయిపోయింది. ఈ రెంటిలో తేడా అంతా డబ్బు దేని మీద పెట్టారు అనే దగ్గరే ఉంది.

మన వైపు ఈ కథ ఇంకోలా మొదలైంది. 1991కి ముందు ఫారిన్ స్టీరియో అంటే గల్ఫ్ నుంచో సింగపూర్ నుంచో ఎవరైనా తేవాలి, ఫిలిప్స్, సోనోడైన్ లాంటివి అందరికీ అందేవి కావు. అప్పుడు ఊళ్లో రేడియో రిపేరు షాపు వాళ్లే ఆంప్లిఫైయర్ కట్టి ఇచ్చేవాళ్లు, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ నుంచి పార్టులు తెచ్చుకుని, 4440 ఐసీ (ఆంప్లిఫైయర్ పని చేసే చిప్పు) బోర్డు ఒకటి, కొంచెం డబ్బులుంటే దానికంటే పెద్దదైన ఎస్‌టీకే ఐసీ, ఒక ట్రాన్స్‌ఫార్మర్, రేకు క్యాబినెట్, ముందు షాపు పేరుతో స్టిక్కర్. ఆ 4440 సాన్యో కంపెనీ ఐసీ, స్టీరియోలో ఛానెల్‌కి 6 వాట్లు ఇస్తుంది, అంతే, అయినా రెండు పెద్ద చెక్క బాక్సులకి కలిపితే వీధి మొత్తం వినపడేది. అదీ షాపు సొంత బ్రాండే. కొన్నవాళ్ల నమ్మకం కూడా అచ్చం అదే, కట్టిన మనిషి సందు చివరే ఉన్నాడు, ఐసీ కాలిపోతే సాయంత్రానికి మార్చి ఇస్తాడు. ఆ రోజుల్లో అట్టపెట్టెల మీద పీఎంపీఓ (క్షణంపాటు వచ్చే గరిష్ఠ పవర్ అని చెప్పుకునే అంకె) అని వేల వాట్లు అచ్చు వేసే కంపెనీ సెట్ల కంటే ఆ రేకు డబ్బా నిజాయితీగా ఉండేది, లోపల ఏముందో మూత తీసి చూపించేవాళ్లు.

క్రోమా 2006లో వచ్చింది, టాటా వాళ్లది, రిలయన్స్ డిజిటల్ 2007లో. రెండూ కొన్నాళ్లకే సొంత లేబుళ్లు మొదలుపెట్టాయి. ఆన్‌లైన్‌లో అమెజాన్‌కి అమెజాన్ బేసిక్స్, ఫ్లిప్‌కార్ట్‌కి మార్క్ ఉన్నాయి. అమెరికాలో కొత్తగా దిగిన మన స్టూడెంట్స్ అపార్ట్‌మెంట్‌లో ఇన్‌సిగ్నియా టీవీ, వాల్‌మార్ట్ ఆన్ బ్రాండ్ సౌండ్‌బార్ కనిపించడం మామూలే, రెండేళ్లలో ఊరు మారేవాళ్లకి పేరున్న సెట్ మీద పెట్టడం దండగ. మన దగ్గర ఒక కొత్త కారణం కూడా తోడైంది, పేరున్న బ్రాండ్ల పేర్లకే పాత అర్థం పోయింది. థామ్సన్, బ్లాపంక్ట్, కొడాక్ పేర్లతో ఇక్కడ అమ్మే టీవీలు మన దేశపు కంపెనీ ఒకటే లైసెన్స్ తీసుకుని తయారు చేసి అమ్ముతుంది. ఫారిన్ పేరు కూడా అద్దెకి తెచ్చుకున్నదే అయినప్పుడు టాటా వాళ్ల షాపు పేరు దానికంటే గట్టిదే కదా అని కస్టమర్ అనుకోవడంలో తప్పేం లేదు.

అయినా అన్ని సామాన్లకీ ఈ లెక్క ఒకేలా వర్తించదు. స్పీకర్, వైరు, స్టాండ్, హెచ్‌డీఎంఐ కేబుల్ లాంటి వాటిలో పాతబడటానికి పెద్దగా ఏమీ లేదు, షాపు బ్రాండ్ నిశ్చింతగా కొనొచ్చు. అదే యాప్‌తో నడిచే వైఫై స్పీకర్ అనుకోండి, కొన్న రోజు బాగుంటే సరిపోదు, రెండు మూడేళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు రావాలి, ఫోన్ ఓఎస్ మారినప్పుడల్లా యాప్ మారాలి, టీవీ సౌండ్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్ మీద స్పీకర్‌కి పంపే ఏఆర్‌సీ సరిగ్గా పనిచెయ్యకపోతే ఎవరో ఒకరు సరిచెయ్యాలి. షాపు దగ్గర ఆ పని చేసే ఇంజినీర్ ఉండడు, ఫ్యాక్టరీ వాడికి ఆర్డర్ పంపేసిన రోజే పని అయిపోయింది. కౌంటర్ దగ్గర మనిషి పెట్టె మార్చి ఇవ్వగలడు గానీ ఫర్మ్‌వేర్ (లోపల నడిచే సాఫ్ట్‌వేర్) రాయలేడు. అంటే కొనేవాళ్లు ఏ ధైర్యంతో షాపు బ్రాండ్ తీసుకుంటున్నారో ఆ ధైర్యం ఈ రకం సామాన్లలో పనికిరాదు, ఇలాంటివాటికి ఆడియో మీదే బతికే కంపెనీకి కొంచెం ఎక్కువ పెట్టడమే నయం.

ఇంకోటి, షాపే పోతే. రేడియో షాక్ 90ల మధ్యలో రియలిస్టిక్ పేరు మెల్లగా తీసేసి ఆప్టిమస్ అనే ఇంకో సొంత పేరు తెచ్చింది, తర్వాత ఆర్‌సీఏ లాంటి బయటి బ్రాండ్ల వైపు తిరిగింది, 2015లో దివాలా పిటిషన్ వేసింది, ఆ పేరు చేతులు మారుతూ పోయింది. మూతపడ్డ ఊళ్లలో వారంటీ అడగడానికి తలుపు లేదు. మినిమస్-7లు మాత్రం ఇప్పటికీ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి, వాటికి షాపు అవసరం లేదు, రెండు వైర్లు తగిలిస్తే చాలు.

మన దగ్గర కొనేముందు ఫ్యాక్టరీ ఎవరిదో తెలుసుకునే వీలు కూడా ఉంది, చాలామందికి తెలియదు. బ్లూటూత్ స్పీకర్లు, స్మార్ట్ స్పీకర్లు, అడాప్టర్లు లాంటి వాటికి బీఐఎస్ (సరుకుల ప్రమాణాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, పెట్టె వెనక ఆర్ అక్షరంతో మొదలయ్యే ఎనిమిది అంకెల నంబర్ ఉంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో అది కొడితే తయారు చేసిన కంపెనీ పేరు, అడ్రస్ వచ్చేస్తాయి. షాపు పేరు వెనక నిజంగా ఎవరున్నారో అక్కడ కనిపిస్తుంది, ఒక్కోసారి పక్క షెల్ఫ్‌లో పేరున్న బ్రాండ్ పెట్టెకి కూడా అదే ఫ్యాక్టరీ ఉండొచ్చు. ఆ రిజిస్ట్రేషన్ ఫ్యాక్టరీకి ఇచ్చేది, షాపు వాళ్లు తర్వాతి లాట్‌ని వేరే ఫ్యాక్టరీలో చేయిస్తే పైన పేరు, రంగు, మోడల్ అన్నీ అలాగే ఉండి నంబర్ మారిపోతుంది. అప్పుడు రెండేళ్ల కింద జనం రాసిన నాలుగున్నర స్టార్ల రివ్యూలు ఇప్పుడు షెల్ఫ్ మీదున్న సామాను గురించి కాదన్నమాట, అందుకే మోడల్ పేరు ఒక్కటే చూడకుండా పెట్టె తిప్పి ఆ నంబర్ కూడా చూడాలి.